స్కూటర్ క్లచ్ విప్పే ముందు, చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రెండోసారి కళ్లు మూసుకుని శబ్దం ఒక్కటే విన్నాను. మూడో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ హోరు పెరుగుతోంది కానీ బండి వేగం పెరగడం లేదు. నీ అనుమానం నిజమే, ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే క్లచ్ పట్టు తప్పి జారుతోంది. సిలిండర్ మార్చిన మొదటి వారం బాగానే ఉందనీ, ఇప్పుడు మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఇలా అవుతోందనీ రాశావు. జారిన ప్రతిసారీ క్లచ్ లోపల ఒకదానికొకటి నొక్కుకుని ఉండే ప్లేట్లు వేడెక్కుతాయి, కార్క్ పైపొర మాడి నున్నబడుతుంది, ఆ తర్వాత ఇంకాస్త తేలిగ్గా జారుతుంది. కాబట్టి బాగుచేసేదాకా దాన్ని బయటికి తీయకు.

నువ్వు అడిగిన ప్రశ్న: మోటార్‌సైకిల్ ప్లేట్లు పట్టే కొత్త క్లచ్ వేసుకోవాలా, లేక గట్టి స్ప్రింగులు మారిస్తే చాలా అని. గట్టి స్ప్రింగులు వద్దు. ఇంత ఖాయంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆ సంగతి నీకు ఇంతవరకు చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు నీ ఈ లాంబ్రెట్టా స్కూటర్ మీ అమ్మది. కాగితాల మీద నా పేరే ఉన్నా రోజూ ఆఫీసుకు నడిపింది తనే. అప్పుడు కూడా క్లచ్ ఇలాగే జారడం మొదలైంది. అరిగిన కార్క్ ప్లేట్లను అలాగే ఉంచి, దొరికిన వాటిలో అన్నిటికంటే గట్టి స్ప్రింగులు తెచ్చి వేశాను. జారడం ఆగిపోయింది. ఆ రోజు నాకు ఎంత సంతోషమో! రెండు మూడు నెలలకు మీ అమ్మ బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. అడిగితే, బస్సులో అయితే కూర్చుని చదువుకోవచ్చు అంది. నేను నమ్మాను. నువ్వు బండి నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి మాటల్లో తనే చెప్పింది. ఆ క్లచ్ నొక్కీ నొక్కీ సాయంత్రానికి బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చేదట, పెన్ను పట్టుకోవడం కష్టమయ్యేదట. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అంత ఇష్టంగా చేశారు, ఎలా చెప్పను?" అంది.

ఆ మాట ఇప్పటికీ నా మనసులోనే ఉంది. తనకు అంత ఇష్టమైన బండికి తనను నేనే దూరం చేశాను.

ఈ రకం స్కూటర్లలో ఎడమ చేతికి రెండు పనులు. క్లచ్ లివర్ నొక్కిపట్టి, అదే పిడికిలితో గ్రిప్‌ను తిప్పి గేరు మార్చాలి. మోటార్‌సైకిల్‌లో గేరు పని కాలు చూసుకుంటుంది కాబట్టి చెయ్యి ఊరికే నొక్కితే చాలు. ఇక్కడ నొక్కిన మణికట్టే తిరగాలి. అందుకే లివర్ కొంచెం గట్టిపడినా బాధ ఎక్కువ. గేరు సరిగ్గా పడకపోవడం, వైరు త్వరగా తెగడం కూడా దీంతోపాటే వస్తాయి. మా గట్టి స్ప్రింగుల రోజుల్లో క్లచ్ వైరు రెండుసార్లు తెగింది. రెండుసార్లూ వైరు నాణ్యతనే తిట్టుకున్నాను.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను, జాగ్రత్తగా చదువు. క్లచ్ ఎంత బలం మోయగలదన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది. ప్లేట్ల పట్టు గుణం, స్ప్రింగుల ఒత్తిడి, మధ్య నుంచి రాపిడి జరిగే చోటికి ఉన్న దూరం, రాసుకునే ముఖాల సంఖ్య. వీటిని ఒకదానితో ఒకటి గుణించాలి. మన బండిలో నాలుగు కార్క్ ప్లేట్లు. ఒక్కోదానికి రెండు ముఖాలు, మొత్తం ఎనిమిది. అదే లోతులో ఆరు ప్లేట్లు పట్టించగలిగితే పన్నెండు ముఖాలవుతాయి. స్ప్రింగుల జోలికే పోకుండా మోసే శక్తి ఒకటిన్నర రెట్లు అవుతుంది.

మరి నీ ఇంజన్‌కు ఎంత కావాలి? ఇటలీలోని మిలాన్‌లో ఇన్నోచెంటి కంపెనీ వాళ్లు మన బండి మోడల్ ఎల్ఐ 150 తయారు చేసినప్పుడు దాని బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 57 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 58. అంటే 148 సీసీ, ఆరున్నర హార్స్‌పవర్. ఆ బలానికి నాలుగు కార్క్ ప్లేట్లు హాయిగా సరిపోయేవి. నువ్వు 62 బోరు సిలిండర్ వేశావు కాబట్టి 175 సీసీ అయింది. సీసీ లెక్కన చూస్తే లాగుడు బలం ఐదో వంతు పెరిగిందనుకో. కొత్త సైలెన్సర్ వల్ల ఇంకొంచెం. మొత్తం 1.3 రెట్లు అనే పట్టుకుందాం. ఒకటిన్నర రెట్లు మోయగల క్లచ్‌కు అది బరువు కాదు. పట్టు గుణం, ప్లేట్ల సైజు ఇప్పుడున్నట్టే ఉంటే, కంపెనీ స్ప్రింగుల కంటే కాస్త మెత్తని స్ప్రింగులు వేసినా సరిపోతుంది! నాకు ఈ మార్పు నచ్చింది అందుకే.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకో. మన బండిలో క్లచ్ పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ మీద ఉండదు, చైన్ అవతల ఉంటుంది. చైన్ దగ్గర వేగం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది, లాగుడు బలం మూడింతలవుతుంది. క్లచ్ మీద పడేది ఆ మూడింతల బలం. వెస్పాలో క్లచ్ క్రాంక్ మీదే ఉంటుంది కాబట్టి దాని మీద పడే భారం వేరు. వెస్పా వాళ్లు చెప్పే స్ప్రింగుల లెక్కలు మన బండికి పనికిరావు.

ప్లేట్లు పెంచితే లాభమే కాదు, ఇబ్బంది కూడా ఉంది. లివర్ పూర్తిగా నొక్కినప్పుడు, ప్లేట్లన్నిటినీ నొక్కిపట్టే ప్రెజర్ ప్లేట్ పైకి లేచేది కొద్దిపాటి దూరమే. అది 2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎనిమిది ముఖాలకు పంచితే ఒక్కో చోట 0.25 ఖాళీ వస్తుంది. పన్నెండుకు పంచితే దాదాపు 0.17. ఆ సన్నటి ఖాళీలో, పట్టే ప్లేట్ల మధ్య ఉండే స్టీల్ ప్లేట్లలో ఏ ఒక్కటి 0.15 వంకర ఉన్నా పని పాడవుతుంది. క్లచ్ నొక్కినా ప్లేట్లు విడిపోవు. ఫస్ట్ గేర్లో నిలబడి ఉంటే బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. కొత్త క్లచ్ వేసిన చాలామంది "జారడం పోయింది కానీ గేర్లు పాడయ్యాయి" అనుకునేది ఇక్కడే. గేర్లు బాగానే ఉంటాయి, ప్లేట్లు విడిపోవడం లేదంతే.

అందుకే కొత్త క్లచ్ కిట్ రాగానే బిగించేయకు. స్టీల్ ప్లేట్లను ఒక్కొక్కటిగా మందపాటి గాజు పలక మీద పెట్టి, అంచు చుట్టూ 0.1 ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పలుచని రేకు, దూర్చి చూడు. ఎక్కడ దూరినా ఆ ప్లేట్ పక్కన పెట్టేయి. కొత్తది కదా అని మొహమాటపడకు. కార్క్ ప్లేట్ల స్థానంలో వచ్చే ఫ్రిక్షన్ ప్లేట్లను వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకో. రెండేళ్ల తర్వాత ఎంత అరిగాయో చెప్పేది ఆ కాగితమే.

కార్క్ గురించి నాకు చెడుగా చెప్పాలని లేదు. నూనె పీల్చుకుంటుంది, మెత్తగా పట్టుకుంటుంది. కంపెనీ బలంతో నడిచే బండికి ఈ రోజుకీ అదే మంచిదంటాను. దానికి పడనిది వేడి. జపాన్ మోటార్‌సైకిళ్ల ప్లేట్లకు కార్క్ బదులు రెసిన్ పట్టించిన కాగితం లాంటి పదార్థాన్ని చిన్న చిన్న బిళ్లలుగా అతికిస్తారు. బిళ్లల మధ్య గాళ్ల గుండా నూనె త్వరగా బయటికి పోతుంది, వేడిని కూడా బాగా తట్టుకుంటాయి. పైగా పలుచన, ఆరు ప్లేట్లు అదే లోతులో పట్టేది అందుకే. ఒకటి మాత్రం చూసుకో. చిన్న బండి ప్లేట్లు మన కార్క్ ప్లేట్ల కంటే వ్యాసంలో చిన్నవైతే, ఇందాక చెప్పిన దూరం తగ్గి లాభంలో కొంత అక్కడే పోతుంది. పాత ప్లేట్, కొత్త ప్లేట్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, తెలిసిపోతుంది.

ఈ ప్లేట్ల పళ్లు, వాటిని పట్టి ఉంచే గిన్నె, అంటే మన పాత హౌసింగ్ గాళ్లలో కూర్చోవు. కొందరు ఆకురాయి పట్టి పళ్లు అరగదీసి ఎలాగోలా ఇరికిస్తారు. నువ్వు ఆ పని చేయవద్దు. సన్నబడిన పన్ను తన బలమంతా గాడిలో ఒకే చోట వేసి గుంట పెడుతుంది. ఆ గుంటలో పన్ను ఇరుక్కుని ప్లేట్ కదలడం మానేస్తుంది. ఇరుకు ఖాళీల క్లచ్‌కు అంతకంటే చేటు లేదు. హౌసింగ్, లోపలి హబ్ రెండూ ఆ ప్లేట్ల కోసమే మలిచి అమ్మే కిట్ తీసుకో. డబ్బు ఎక్కువైనా సరే. నీ పాత హౌసింగ్ పారేయకు, నూనె రాసి దాచు.

ఇక బిగించడం. పాత క్లచ్ విప్పేటప్పుడు స్ప్రింగులను అణచే టూల్ తప్పకుండా వాడు, కళ్లద్దాలు పెట్టుకో. క్లచ్‌ను బిగించి పట్టుకునే రింగు, అంటే సర్‌క్లిప్ ఊడిన క్షణంలో ఐదు స్ప్రింగుల బలం ఒక్కసారిగా బయటికొస్తుంది. ఒకసారి నేను స్క్రూడ్రైవర్లతో అణచబోయాను. ఒక స్ప్రింగు కప్పు ఎగిరి నా చెంప పక్క నుంచి పోయి గోడకు తగిలింది. కొత్త సర్‌క్లిప్ తిరిగి బిగించాక దాని చుట్టూ వేలితో తడిమి, గాడిలో అంతటా దిగిందో లేదో చూసుకో. సగం దిగిన సర్‌క్లిప్ ఇంట్లో ఏమీ అనదు, రోడ్డు మీదే ఊడుతుంది.

ఫ్రిక్షన్ ప్లేట్లను రాత్రంతా నూనెలో నానబెట్టి మర్నాడు వెయ్యి. పొడిగా బిగిస్తే మొదటి నిమిషాల్లోనే మాడతాయి. నూనె విషయంలో డబ్బా మీద జాసో ఎంఏ (నూనెలో తిరిగే క్లచ్‌లకు సరిపడుతుందని తెలిపే గుర్తు) అని ఉన్న మోటార్‌సైకిల్ ఆయిల్ చూడు. ఇంధనం ఆదా అవుతుందని కార్లకు అమ్మే ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి కారుకు మంచివే, నూనెలో మునిగి తిరిగే మన క్లచ్‌కు కాదు. గేర్‌బాక్స్‌కూ క్లచ్‌కూ ఒకటే నూనె, దాదాపు 700 మిల్లీలీటర్లు. కిట్‌తో వచ్చిన కాగితంలో వేరే నూనె చెప్పి ఉంటే అదే పాటించు.

మూత వేసే ముందు రెండు పరీక్షలు. హౌసింగ్ మారింది కాబట్టి చైన్ రెండు పళ్ల చక్రాల మధ్య నేరుగా వెళ్తోందో లేదో స్కేలు ఆనించి చూడు. తేడా ఉంటే ముందున్న పళ్ల చక్రం కింద షిమ్, అంటే పలుచని వాషర్, మార్చాలి. రెండోది, ప్రెజర్ ప్లేట్ మీద పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద కొంచెం అంటించి, గ్యాస్కెట్‌తో సహా మూత బిగించి, లివర్ నొక్కి, మళ్లీ విప్పు. ముద్ద ఎంత పలుచబడిందో కొలిస్తే మూతకూ క్లచ్‌కూ మధ్య ఎంత జాగా ఉందో తెలుస్తుంది. ముద్ద తునక ఒక్కటి కూడా లోపల మిగలకుండా తుడిచెయ్యి.

పాత వైరు మళ్లీ వేయకు. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కొత్త ఔటర్ (వైరు పైతొడుగు) తీసుకుని, పదునైన వంపులు లేకుండా లాగు. లివర్ కొన దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ప్లే, అంటే ఊరికే కదిలే జాగా, ఉంచు. అంతకంటే ఎక్కువ వదిలితే, మనం ఇంత కష్టపడి లెక్కపెట్టిన ఆ 2 మిల్లీమీటర్లలోంచే పోతుంది.

అంతా అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేయకుండానే ఒకటి చెయ్యి. లివర్ పూర్తిగా నొక్కిపట్టి, కిక్కర్‌ను చేత్తో కిందికి అదుము. మన బండిలో కిక్ బలం గేర్‌బాక్స్ నుంచి క్లచ్ మీదుగానే ఇంజన్‌కు చేరుతుంది. ప్లేట్లు శుభ్రంగా విడిపోతుంటే కిక్కర్ తేలిగ్గా దిగిపోవాలి, పిస్టన్ కదలకూడదు. బరువుగా అనిపిస్తే ఇంకా అంటుకుని ఉన్నట్టే. లివర్ వదిలి మళ్లీ అదిమితే కంప్రెషన్, అంటే పిస్టన్ ఎదురొత్తిడి, చేతికి తగలాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే నాకు ఇక టెన్షన్ లేదు.

మొదటి వంద కిలోమీటర్లు నిదానంగా నడుపు, తర్వాత ఆ నూనె తీసేసి కొత్తది నింపు. తీసిన నూనెను తెల్ల గుడ్డ మీద వేసి ఫొటో తీసి పంపు, రంగు చూడాలి.

కిట్‌లో రెండు రకాల స్ప్రింగులు వస్తే మెత్తనివే ముందు వెయ్యి. ఎత్తు ఎక్కేటప్పుడు జారితేనే, ఒకటి రెండు చొప్పున కాకుండా మొత్తం ఐదూ మార్చు. అటొకటి ఇటొకటి మారిస్తే ప్రెజర్ ప్లేట్ ఒక పక్కకు ఒరిగి లేస్తుంది.

విప్పే ముందు ఇంకో పని ఉంది. సామాను తూచే కొక్కెం కాటాను లివర్ కొనకు తగిలించి, ఇప్పుడు ఎన్ని కిలోలకు లివర్ పూర్తిగా వస్తోందో చూసి రాసిపెట్టు. కొత్త క్లచ్ వేశాక మళ్లీ తూచు. రెండు అంకెలూ నాకు చెప్పు. అమ్మ కూడా అడుగుతోంది. నీ ఉత్తరం తనకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "తేలిగ్గా వస్తే ఒకసారి నేనూ నడిపి చూస్తాను" అంది.

నాన్న