జింకు బియ్యం పిల్లల కంచంలోకి రావాలి

అయ్యా,

రేషన్ బియ్యం చేటలో పోసిన ప్రతిసారీ మా అమ్మ బలవర్ధక గింజల్ని 'ప్లాస్టిక్ బియ్యం' అంటూ ఏరి పారేస్తుంది. ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 దట్టించి, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపే గింజలు అవే! ఎంత చెప్పినా వినదు. అలాంటి బలం పైరులోనే ఉంటే ఏరే పనే ఉండదు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ 2016లోనే డీఆర్ఆర్ ధాన్ 45 అనే, జింకు ఎక్కువుండే వరి రకాన్ని ఇచ్చింది. మామూలు రకాల్లో జింకు 12–16 పీపీఎం (కిలోకు అన్ని మిల్లీగ్రాములు) ఉంటే, ఇందులో పాలిష్ పట్టాక కూడా 22.6. పిల్లల ఎదుగుదలకు కావలసింది అదే కదా. కానీ జింకు చూసి ఎవరూ రూపాయి ఎక్కువివ్వరు, ఇక మేమెలా వేస్తాం? ప్రభుత్వమే బోనస్ ఇచ్చి, ఈ ధాన్యాన్ని విడిగా కొని, అంగన్‌వాడీలకూ మధ్యాహ్న భోజనానికీ పంపాలి.

– ఒక వరి రైతు, మిర్యాలగూడ