‘సర్వర్ డౌన్’ వెనుక స్విచ్

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో ‘సర్వర్ డౌన్’ అని చెప్పి జనాన్ని తిప్పి పంపే సందర్భాల్లో కొన్నింటికి సర్వరుతో ఏ సంబంధమూ ఉండదని, తప్పు ఆ భవనంలోని కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే ‘స్విచ్’ అనే పెట్టె దగ్గరే ఉంటుందని నెట్‌వర్క్ పనిలో ఉన్నవాడిగా తెలియజేస్తున్నాను.

బల్ల కింది చిన్న స్విచ్ నుంచి వేలాడుతున్న కేబుల్ కొసను, రెండో కొస కూడా అందులోనే ఉందని చూడకుండా, ఎవరో ఖాళీ పోర్టులో గుచ్చుతారు. ఇన్ని మజిలీల తర్వాత ఆగిపోవాలన్న గడువు ఈథర్‌నెట్ ఫ్రేముకు (కేబుళ్లలో నడిచే సమాచారపు పొట్లానికి) లేదు కనుక, అందరికీ వెళ్లే ఒక్క బ్రాడ్‌కాస్ట్ సందేశం ఆ వలయంలో తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ మిగతా పోర్టులకు నకళ్లు పంపుతూ, క్షణాల్లో భవనమంతటినీ స్తంభింపజేస్తుంది. స్విచ్ మీది దీపాలన్నీ ఒక్కసారిగా, తెరిపి లేకుండా మిణుకుమంటాయి.

దీనికి విరుగుడైన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌ను (ఎస్‌టీపీ) అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త రాడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించారు. 1990లో అది ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణమైంది. స్విచ్‌లు తమలో ఒకదాన్ని రూట్‌గా, అంటే మిగతావి దారులు లెక్కించుకునే మూలంగా, ఎన్నుకుని, వలయానికి దారితీసే అదనపు లింకును మూసి ఉంచి, అసలు లింకు తెగినప్పుడు దాన్ని తెరుస్తాయి.

మేనేజ్డ్ (అమరికలు మార్చుకోదగిన) స్విచ్‌లలో ఈ సదుపాయం ఉండనే ఉంటుంది, చిక్కంతా అమర్చడంలోనే. రూట్ ఎన్నికలో స్విచ్‌కుండే అంకె ప్రయారిటీ, చిన్నదే నెగ్గుతుంది. దాన్ని ఎవరూ మార్చకపోతే అన్నింటికీ 32768 ఉండిపోయి, మ్యాక్ అడ్రస్ (తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) అన్నింటికన్నా చిన్నదైన స్విచ్, అది మూలగదిలోని పాతదైనా సరే, రూట్ అయి కూర్చుంటుంది. ప్రధాన స్విచ్‌కు 4096, దాని జోడీకి 8192 ఇవ్వడం ఎంతోసేపు పట్టే పని కాదు. అంతకన్నా విచారకరమైనది ఇంకొకటుంది. పాత ఎస్‌టీపీలో పోర్టు పనిలోకి రావడానికి 30 సెకన్లు పడుతుంది. ఈలోగా కంప్యూటరుకు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) అందలేదన్న ఫిర్యాదు రాగానే కొందరు స్పానింగ్ ట్రీనే ఆపేసి వెళ్లిపోతారు. ఇది కిర్రుమంటోందని తలుపునే ఊడబీకడం. కంప్యూటర్లు తగిలించే పోర్టులకు వేచి ఉండకుండా వెంటనే పనిలోకి తెచ్చే పోర్ట్‌ఫాస్ట్ అనే అమరిక పెడితే ఆ ఆలస్యం పోతుంది. తోడుగా, స్విచ్‌లు పరస్పరం పంపుకునే ఎస్‌టీపీ సందేశం వస్తే పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ పెడితే, ఆ పోర్టుకు ఎవరైనా మరో స్విచ్ తగిలించి వలయం చేసినా చాలావరకు ఆ ఒక్క పోర్టే మూతపడుతుంది.

ప్రోటోకాల్ ఉంటే చాలదు, దాని హద్దులూ తెలియాలి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ హద్దులు దాటి పెరిగి కుప్పకూలడంతో, అక్కడి వైద్యులు రోజుల తరబడి కాగితాలతో పని నెట్టుకొచ్చారు. ఆ సంస్థ తన వైఫల్యాన్ని దాచకుండా వెల్లడించడం మెచ్చుకోదగినది.

కాబట్టి ప్రభుత్వ టెండర్లలో స్విచ్‌ల సంఖ్య, ధరలతో సరిపెట్టకుండా ఒక పరీక్షను కూడా చేర్చాలని సంబంధిత శాఖలను కోరుతున్నాను. బిల్లు చెల్లించే ముందు, కార్యాలయ వేళలు ముగిశాక, అధికారి ఎదుటే గుత్తేదారు రెండు పోర్టులను ఒకే కేబుల్‌తో కలపాలి. నెట్‌వర్క్ నిలబడితేనే సంతకం పెట్టాలి. రూట్ ఏ స్విచ్చో, ఏ లింకు మూసి ఉందో చూపే పటం కూడా ఆ కార్యాలయానికే అప్పగించాలి.

భవదీయుడు,
ఒక నెట్‌వర్క్ ఇంజనీరు, హనుమకొండ