చుక్క మెడ వంచిందిరా మావా!

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరే మావా,

ఉత్తరం బాగా ఆలస్యమైంది, తిట్టుకోకు. నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఇక్కడంతా క్షేమం. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చెల్లి కొత్త ఉద్యోగంలో చేరింది, ఇంటద్దె మళ్ళీ పెంచారు. మిగతావి కలిసినప్పుడు. ఇప్పుడీ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

చుక్క కుడివైపుకి మెడ వంచిందిరా! నేను లాగితే కాదు. తనంతట తను, మెత్తగా, నోరు ఆడిస్తూ!

అదే, మలక్‌పేట రేసుల నుంచి మా రైడింగ్ స్కూలుకి వచ్చిందని రాశానే, నుదుట తెల్లమచ్చ ఉన్న థరోబ్రెడ్ అనే రేసుజాతి ఆడగుర్రం. కళ్ళెం పంటికింద బిగించి ఎటు పడితే అటు లాక్కుపోతుందంటే నువ్వు దానికి మన హాస్టల్ వార్డెన్ పేరు పెట్టావు. ఆ పేరు ఇవాళే వెనక్కి తీసుకో. హాస్టల్లో మన మూడో నంబరు గది మీద ఒట్టు.

అది మొండితనం కాదు మావా. రేసుగుర్రానికి నేర్పే పాఠమే వేరు. పరుగులో జాకీ రెయిన్లు, అదే కళ్ళేనికి కట్టిన పగ్గాలు, బిగించి పడతాడు, గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని ఇంకా ముందుకి దూకుతుంది. నోట్లో బరువు పడిందంటే పరిగెత్తమన్నట్టే దాని లెక్క. మనమేమో ఆగమని లాగుతాం, అదేమో పొమ్మంటున్నారనుకుంటుంది. దాన్ని తప్పుపట్టి ఏం లాభం? చిన్నప్పటి నుంచీ నేర్పినట్టే చేస్తోంది పాపం. అయినా అయిదు క్వింటాళ్ల ప్రాణితో బలం పోటీకి దిగి గెలిచినవాడెవడు?

ఇక్కడ ఒకాయన, పేరెందుకులే, రెయిన్లు పొట్టిగా చేసి రెండు పక్కలా జీను పట్టీకి బిగించి కట్టేయమన్నాడు. తల కిందకి దిగకపోతే ఎక్కడికి పోతుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుర్రం నోట్లో ముందుపళ్ళకీ దవడపళ్ళకీ నడుమ పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము నాలుక మీదా, ఆ ఖాళీ మీదా ఆనుతుంది. అక్కడ పల్చటి చర్మం, దానికింద ఎముక, అంతే. అలాంటి చోట గంటలకొద్దీ బిగించి ఉంచితే అది నేర్చుకునేదేమిటి, నొప్పి తప్ప? పెళ్ళి ఊరేగింపు గుర్రాలకి ముళ్ళ కళ్ళేలు వేస్తారు చూడు, 1965 నాటి కేంద్ర నిబంధనలే వాటిని నిషేధించాయి. ఇప్పటికీ బ్యాండు మోతలో ఎవరూ ఆ నోటికేసి చూడరు. ఆ విషయం ఎత్తితే ఈ ఉత్తరం దానికే సరిపోతుంది, వదిలేస్తున్నా.

ముందు డాక్టరుగారిని పిలిపించాను. నోరు తెరిచి చూస్తే పైదవడ పళ్ళ బయటి అంచులు కత్తుల్లా ఉన్నాయి. కళ్ళెం లాగినప్పుడల్లా బుగ్గ లోపలివైపు వాటికి కోసుకుంటోంది. కుడివైపు మరీ ఎక్కువ. అందుకేరా కుడివైపు అంటే బిగుసుకుపోయేది! ఆకురాయితో అరగదీసి, పుళ్ళు మానేదాకా కళ్ళెం వేయొద్దన్నారు. తర్వాత మధ్యలో ఒకే కీలున్న, స్నాఫిల్ అనే మామూలు రకం కళ్ళెం వేశాం. ముక్కుపట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు.

ఇక అసలు పని. ముందు నేల మీదే. దాని భుజం పక్కన నిలబడి, కళ్ళేనికి దగ్గరగా రెయిన్ పట్టుకుని, కొంచెం, నిజంగా కొంచెమే తీసుకుని ఆగాలి. లాగకూడదు, వదలకూడదు. అది తల విదిలిస్తుంది, వెనక్కి నడుస్తుంది, మనతో పాటే తిరుగుతుంది, చెయ్యి మాత్రం అక్కడే ఉండాలి. ముక్కు ఒక్క అంగుళం ఇటు తిప్పి దవడ సడలించిందా, ఆ క్షణంలోనే వదిలేయాలి. గుర్రం నేర్చుకునేది పట్టు వల్ల కాదు మావా, వదలడం వల్ల. చెయ్యి వదలడం ఆలస్యమైతే దేనికి వదిలామో దానికి అర్థం కాదు. నువ్వు చరిత్ర మేష్టారివి కాబట్టి చెబుతున్నా, 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో బోషే అనే ఆయన ఇలాగే కిందనే నిలబడి ముందు దవడని సడలించేవాడు. ఆయన పద్ధతి మీద అప్పట్లో పెద్ద గొడవలే జరిగాయి. ఆ కథ… తర్వాత.

ఎడమవైపు తొందరగానే వచ్చింది. కుడివైపు రాతిగోడే. నొప్పి పోయినా నొప్పి భయం పోలేదు దానికి. ఒక్కోరోజు కళ్ళెం చూడగానే తల ఎత్తేసేది. ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నం సహించేది కాదు నాకు.

ఇవాళ సాయంత్రం ఎక్కి, 20 మీటర్ల సర్కిల్ మీద కుడివైపుకి నడిపిస్తున్నా. కుడికాలు జీను పట్టీ దగ్గర, ఎడమకాలు కాస్త వెనక. ఎడమ రెయిన్‌తో భుజం బయటికి జారకుండా చూసుకుంటున్నా. కాలితో అడిగాను, కుడి వేళ్ళు కొద్దిగా బిగించాను. ఒక చెవి నావైపు తిరిగింది. పక్కటెముకలు నా కాలి దగ్గర నుంచి అవతలికి జరిగాయి. కుడికంటి రెప్పలు కనిపించాయి, అంతే, అంతకన్నా కనిపించకూడదు. వేళ్ళు వదిలాను. అప్పుడు మావా, కళ్ళెం నమలడం మొదలుపెట్టింది! పెదాల మీద తెల్లటి నురగ. వీపు జీను కింద పైకి లేచింది. నా చేతుల్లో బరువే లేదు. కళ్ళనీళ్ళు ఆగలేదురా, నీకు కాబట్టి చెబుతున్నా.

చూసినవాళ్ళు “తల భలే దించింది” అన్నారు. తల దించడం కాదు అది! ముక్కు ఛాతీకేసి ముడుచుకుంటే కళ్ళెం నుంచి దాక్కుంటోందని అర్థం, చూడ్డానికి అందంగా ఉంటుంది, లోపల అంతా బిగుసుకునే ఉంటుంది. నుదుటి నుంచి నేలకి నిలువుగా గీత గీస్తే చుక్క ముక్కు దానికి కాస్త ముందే ఉంది. చెవుల వెనక భాగమే అన్నిటికన్నా ఎత్తులో ఉంది. ఈ తేడా ఎవరికీ పట్టకపోతే ఎలా మావా? పొట్టి రెయిన్లు కట్టమన్నాయన కూడా అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు. రేపు ఆయన్ని…

ఉండు, గుర్రాల్ని చూసుకునే సాయీసు ఫోన్. పెద్ద మగగుర్రానికి కడుపునొప్పట, పొర్లుతోందట. డాక్టరుగారు వచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనుండాలి. ట్రాట్‌లో, అదే మెల్లని పరుగులో, చుక్క ఏం చేసిందో అసలు చెప్పనేలేదు, అది ఇంకా బావుంటుంది! సంక్రాంతికి తప్పకుండా రా. వెళ్తున్నా.

నీ
మావ