భోగి రోజు తలుపు వేసుకోకు అమ్మడూ

మాధవరం,
18 డిసెంబరు 2025.

చి.ల.సౌ. అమ్మడుకి, అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, చిన్నోడు క్షేమమని తలుస్తాను. అల్లుడుగారు మొన్న ఆదివారం దక్షిణ సూడాన్ నుంచి నాన్నకి ఫొటో పంపారు. నీలం టోపీ పెట్టుకుని నిలబడ్డారు, వెనకాల నైలు నది. మనిషి చిక్కారు. అక్కడ కూరలు దొరుకుతున్నాయో లేదో అడిగితే "అన్నీ ఉన్నాయి అత్తయ్యా" అంటారు. పచ్చడి పార్సిల్ పంపే వీలుందేమో నువ్వు కనుక్కుని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో అయితే రెండో మాటకే "అంతా బాగానే ఉందమ్మా, కుక్కర్ దింపాలి" అని పెట్టేస్తావు. నేను చెప్పేది పూర్తిగా వినిపించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. రిజిస్టరు చేద్దామంటే దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారట, అందుకని స్పీడ్ పోస్టే చేయిస్తున్నాను. సంతకం పెట్టి తీసుకో.

ధనుర్మాసం మొదలైంది. తెల్లవారుజామున మంచు ఎంతలా పడుతోందంటే చెరువు గట్టు కనపడడం లేదు. హరిదాసు నిన్ననే వచ్చాడు, చిన్నోడి పేరు చెప్పి గిన్నెడు బియ్యం వేశాను. గేదె ఈనింది, దూడ పెయ్య. నాన్నకి షుగర్ కాస్త అదుపులో ఉంది గానీ, నేను చూడనప్పుడు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. పెద్దోడు, వదిన, పిల్లలు పదమూడో తారీకు పొద్దున్నకే వచ్చేస్తారు. అమలాపురం పిన్ని కూడా వస్తానంది. ఇంటినిండా జనం ఉంటారు.

నువ్వేమో ఈసారి అత్తగారింట్లో చేసుకుంటానన్నావు. మంచిదే అనుకున్నాను. కొడుకు దేశం కాని దేశంలో ఉంటే ఆవిడకి మాత్రం మనవడు కళ్ళ ముందు ఉండాలని ఉండదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సోమవారం నాడు వదినగారు, అదే మీ అత్తగారు, రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. అరిసెలకి కొత్త బెల్లం ఎక్కడ తెచ్చుకున్నారు అని మొదలుపెట్టి, "పండక్కి అమ్మాయి మీ దగ్గరికే వస్తోందటగా వదినగారూ, పిల్లాణ్ణి కనుమ వెళ్ళాక ఒక్కరోజు పంపించండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "అలాగేనండి" అన్నాను. నీ మాట పోకూడదని అలా అన్నాను, అంతే. ఆవిడ ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగి పోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

మాకేమో అక్కడికని, వాళ్ళకేమో ఇక్కడికని చెప్పి, నువ్వు సికింద్రాబాద్ తిరుమలగిరి మిలటరీ క్వార్టర్లో పిల్లాణ్ణి పెట్టుకుని ఒక్కదానివే ఉండిపోదామనుకున్నావు. అంతేనా? నేను తిట్టడానికి రాయడం లేదు. దీపావళికే నాకు అనుమానం వచ్చింది. పెంకుటింటి అత్త కూతురు మీ వెనక బ్లాకులోనే కదా ఉంటోంది, మీ గుమ్మంలో ఒక్క ప్రమిద కూడా లేదని, చిన్నోడు పక్కింటి వాళ్ళ మతాబులు కిటికీలోంచి చూస్తున్నాడని వాళ్ళమ్మతో అందట. ఒకరి మాట పట్టుకుని నిన్ను అడగడం ఎందుకులే అని అప్పుడు ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

సరే, వేరే మాట. డబ్బు సంగతి. మిల్లు మావయ్య నిన్ను అప్పు అడిగాడని తెలిసింది. ఐక్యరాజ్యసమితి డ్యూటీ అంటే డాలర్లు మూటలు కట్టి ఇస్తారని ఊళ్ళో అందరి నమ్మకం. ఇవ్వనని గట్టిగా చెప్పు, లేకపోతే నాన్న పేరు చెప్పి తప్పించుకో. ఆ డబ్బు ఆ మనిషి ఏడాది పాటు ఎండలో, రేకుల గదిలో ఉండి సంపాదిస్తున్నది. పోస్టాఫీసులో చిన్నోడి పేరు మీద వెయ్యి. నగలు కొనకు. ఇంకో మాట. డబ్బుల్లేక శాంతి సైన్యాన్ని నాలుగో వంతు తగ్గిస్తారని అక్టోబరులో పేపర్లో పడింది కదా, దాన్ని పట్టుకుని "ముందే వచ్చేస్తారేమో" అని రోజులు లెక్క పెట్టుకోకు. పంపినప్పుడు పంపుతారు. మీ నాన్న వస్తారని నాకు మూడుసార్లు కబురొచ్చింది, మూడుసార్లూ రాలేదు. ఒక్కోసారీ పది రోజులు అన్నం సయించేది కాదు.

రాత్రి పదింటిదాకా చిన్నోణ్ణి ఫోన్ కోసం మేలుకోబెట్టడం కూడా మానెయ్యి. మనకి పది అంటే వాళ్ళకి ఆరున్నర, అప్పుడే డ్యూటీ దిగుతారు, నిజమే. కానీ పిల్లాడు పొద్దున్నే బస్సెక్కాలి. సెలవు రోజుల్లో మాట్లాడించు, మిగతా రోజులు వాడి మాటలు రికార్డు చేసి పంపు. నువ్వు కూడా ఆయనతో మాట్లాడాక ఆ ఊరి పేరు కొట్టి వార్తలు వెతుకుతూ పడుకోకు. 2013లో అక్కడ మన జవాన్లు ఏప్రిల్లో ఐదుగురు, డిసెంబరులో ఇద్దరు పోయారని నువ్వు అన్నయ్యకి అర్ధరాత్రి మెసేజ్ పెట్టావట. వాడు నాకు చూపించాడు. అవి జరిగినవే, కాదనను. ఆ టైములో ఒక్కదానివే కూర్చుని చదివితే అవి నీ ఇంట్లోకి వచ్చేస్తాయి తల్లీ. నాకు తెలుసు.

ఎలా తెలుసో చెప్తాను. నీకిది ఎప్పుడూ చెప్పలేదు. అన్నయ్యకీ తెలియదు.

1987 అక్టోబరులో మీ నాన్న బెటాలియన్ మన శాంతి సైన్యంలో శ్రీలంక వెళ్ళింది. అప్పటికి నువ్వు పుట్టలేదు, అన్నయ్యకి నాలుగేళ్ళు. ఫోన్లు లేవు. నీలం ఇన్లాండు మీద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని మిలటరీ పోస్టాఫీసు నంబరు రాస్తే చాలు, ఊరి పేరు రాయకూడదు. మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా ఉత్తరం రాయడం ఎలా ఉంటుందో నువ్వు ఊహించలేవు. జాఫ్నా, జాఫ్నా అని రేడియోలో రోజూ వచ్చేది. మన ఊరు మిలటరీ మాధవరం కదా, ప్రతి గడపలోనూ రేడియో మోగేది, వార్తలైపోయాక వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేది. కార్తీక పౌర్ణమికి ఒక ఉత్తరం వచ్చింది. తర్వాత ధనుర్మాసం కూడా గడిచిపోతోంది, ఒక్క ముక్క లేదు. భోగికి వారం రోజుల ముందు పోస్టుమాన్ మన వీధిలోకి టెలిగ్రాం పట్టుకొచ్చాడు. సైకిల్ మన అరుగు దాటి పెంకుటింటి ముందు ఆగింది. నేను పిండి జల్లిస్తున్నాను. జల్లెడ చేతిలో అలాగే ఉండిపోయింది. తీరా చూస్తే వాళ్ళ చెల్లెలు ప్రసవించిందని టెలిగ్రాం. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ పిండిని తీసి పక్కన పెట్టేశాను. ఇంక ఈ ఏడాది నాకు పండగ వద్దు అనుకున్నాను.

భోగి రోజు జ్వరమని చెప్పి వెనక గదిలో గడియ పెట్టుకున్నాను. నాయనమ్మ అన్నయ్యకి నలుగు పెట్టి తలంటింది, కొత్త నిక్కరు వేసింది. సాయంత్రం రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర కలిపి పళ్ళెంలో సిద్ధం చేసింది. తలుపు కొట్టింది. "లేవలేను అత్తయ్యా" అన్నాను. ఆవిడకి పసుపు కుంకుమ లేదు కదా, తను పొయ్యకూడదని ఆవిడ నమ్మకం. పేరంటానికి ఎవరినైనా పిలుద్దామంటే, తల్లి లేవకుండా ఎవరిని పిలుస్తుంది? వాడు వచ్చి తలుపు సందులోంచి వేళ్ళు దూర్చి "అమ్మా, పళ్ళు ఎండిపోతున్నాయి" అన్నాడు. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. చిటికెన వేలికి సున్నిపిండి అంటుకుని ఉంది. నేను తలుపు తియ్యలేదు. కాసేపటికి వాడు ఆ గుమ్మంలోనే నిద్రపోయాడు.

ఫిబ్రవరిలో ఒకే రోజు మూడు ఉత్తరాలు వచ్చాయి. చివరి దాంట్లో మీ నాన్న "పెద్దోడికి భోగిపళ్ళు ఎవరెవరు పోశారు? ఇదే ఆఖరి ఏడాది కదా, అంతా వివరంగా రాయి" అన్నారు. ఏం రాయను? రెండు పేజీలు కూర్చుని అబద్ధం రాశాను. కొవ్వూరు నుంచి మా అమ్మ వచ్చిందని, తొమ్మిదిమంది ముత్తైదువలు వచ్చారని, వాడు నెత్తిమీద పడ్డ రూపాయి బిళ్ళ తీసి నోట్లో పెట్టుకుంటే నాయనమ్మ వేలు పెట్టి తీసిందని రాశాను. తిరిగొచ్చినప్పుడు ఆయన జేబులో ఆ ఉత్తరం ఉంది. చెమటకి సిరా అలుక్కుపోయింది. రాత్రుళ్ళు అందరికీ చదివి వినిపించేవాణ్ణని చెప్పారు. ఇప్పుడు కూడా ట్రంకు పెట్టెలో ఆయన డిశ్చార్జి కాగితాల కింద ఉంది.

ప్రతి భోగికీ ఆయన ఆ రూపాయి బిళ్ళ సంగతి చెప్తారు, నువ్వు ఎన్నిసార్లు విన్నావో. అన్నయ్య కూడా తనకి గుర్తున్నట్టే తలాడిస్తాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

శ్రీలంకలో మన జవాన్లు దాదాపు 1,200 మంది పోయారు. 1990 మార్చి 24న చివరి ఓడ బయలుదేరేదాకా మన ఊళ్ళో ఎవరూ గుండె నిండా గాలి పీల్చుకోలేదు. మనాయన తిరిగొచ్చారు. కానీ పిల్లాడికి ఆ భోగి తిరిగి రాలేదు.

చిన్నోడికి వచ్చే శ్రావణంలో ఐదు నిండుతాయి. వాడికీ ఇదే ఆఖరి ఏడాది. అత్తగారింట్లో పోసినా సరే, నాకేం పట్టింపు లేదు, నేనే రాజమండ్రి వచ్చి నిలబడతాను. రాజమండ్రి వెళ్తే వదినగారు ఆయన చిన్నప్పటి ఫొటోలు తీసి ఏడుస్తారని, ఇక్కడికి వస్తే అందరూ మొగుళ్ళతో ఉంటారని నీకు భయం. నిజమే, ఏడుస్తారు. నిజమే, ఉంటారు. వదిన పక్కన అన్నయ్య కూర్చుని పళ్ళెంలో కలిపి తింటుంటే నీకు ఎక్కడో కలుక్కుమంటుంది. అప్పుడు లేచి నా దగ్గరికి రా, వంటింట్లో కూర్చో. నేను ఏమీ అడగను. అరిసెల పాకం చూడమని మాత్రం అంటాను. నీకు పాకం ఎప్పుడూ ముదురుతుంది. నీళ్ళలో చుక్క వేస్తే చేత్తో ఉండ కట్టాలి, అంతే, గట్టిగా టక్కుమని మోగేదాకా ఉంచకూడదని ఎన్నిసార్లు చెప్పాను.

భోగి ఈసారి బుధవారం. సాయంత్రం ఐదున్నరకి పళ్ళు పోద్దాం, అక్కడ మధ్యాహ్నం రెండు అవుతుంది. అల్లుడుగారికి డ్యూటీ లేకపోతే ఫోన్లో చూస్తారు, ఉంటే అన్నయ్య వీడియో తీసి పంపుతాడు. ముందే ఆయనకి చెప్పి ఆశ పెట్టకు, సిగ్నల్ ఉంటుందో ఉండదో.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తీస్తారు, నవంబరులోనే చేసుకోవాల్సింది. నాన్న తత్కాల్ చూస్తానంటున్నారు. దొరక్కపోతే పన్నెండో తారీకున అన్నయ్య కారులో మీ దగ్గరకొచ్చి తీసుకొస్తాడు, వాడితో మాట్లాడాను. ఏం చెప్పానని అనుకోకు, "చెల్లికి టిక్కెట్ దొరకలేదు" అన్నాను, అంతే. వదినగారితో కూడా నేనే మాట్లాడతాను, నీ మాట తక్కువ కాకుండా చూసుకుంటాను. రావడానికి మనసు ఒప్పకపోతే ఆ మాటే చెప్పు. నేనూ నాన్నా పదమూడుకి అక్కడికే వస్తాం, మీ క్వార్టర్లోనే పోద్దాం. పక్క బ్లాకుల్లో నీలాగే ఉన్న వాళ్ళు నలుగురైదుగురు ఉండే ఉంటారు. వాళ్ళ పిల్లల్ని కూడా పిలు. పిడకలు నేను ఇక్కడి నుంచే తెస్తాను. చిన్నోడి కోసం పిడకల దండ ఎప్పుడో చేసి ఎండబెట్టాను, నూట ఎనిమిది, చిన్నవే.

వస్తే చిన్నోడికి చెవుల టోపీ, మందం స్వెట్టరు మర్చిపోకు. ఆ నీలం స్వెట్టరు పొట్టి అయిపోయింది, చేతులు పైకొస్తున్నాయి. వాడి దగ్గు మందు సీసా కూడా తెచ్చుకో, ఇక్కడ దొరికేది వాడు తాగడు. నీకు పాత బస్తా గుడ్డలాంటి ఆ చీర వద్దు, నేను గద్వాల్ తీసి పెట్టాను, జాకెట్టు కొలత పంపు. నువ్వు కూడా చిక్కావని మొన్న వీడియోలో చూశాను. గ్లాసు పాలు తాగు.

రూపాయి బిళ్ళ సంగతి నాన్నకి తెలియనివ్వకు. ఆయన అరుగు మీద పేపర్ చదువుతున్నారు, ఎవరికి రాస్తున్నావని రెండుసార్లు అడిగారు. ఉత్తరం అందగానే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

చిన్నోడికి ముద్దులు.

ఇట్లు,
అమ్మ