వేడెక్కితే ఆగిపోయే బండి

రాజోలు

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మన యమహా ఆర్ఎక్స్ 100 బండి మళ్లీ నడుస్తోంది. ఫోన్‌లో అయితే రెండు ముక్కల్లో తేలిపోతుందని తీరిగ్గా రాస్తున్నాను. దాన్ని బాగుచేసింది సగం నువ్వే.

దసరా నుంచి అది పెట్టిన తిప్పలు నీకు తెలుసు. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే లేచేది. దిండి దాటి చించినాడ వంతెన ఎక్కేసరికి టప్పున ఆగిపోయేది. గోదారిని చూస్తూ పావుగంట నిలబడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్ కార్బురేటర్ కడిగాడు, కొత్త ప్లగ్గు వేశాడు, పెట్రోల్ ట్యాపు మార్చాడు. "ఆగినప్పుడు ప్లగ్గులో కరెంటు ఉంటోందా నాన్నా, చల్లారాకే వస్తోందా?" అని నువ్వడిగేదాకా ఆ మాట మా ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ప్లగ్గు స్పానర్ జేబులో వేసుకుని బయల్దేరాను. వంతెన మీద ఆగగానే ప్లగ్గు ఊడదీసి, క్యాపుకి తగిలించి, ఇంజన్ హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టాను. నిప్పురవ్వ లేదు. (హెడ్డుకి ఆనించకుండా మాత్రం ఎప్పుడూ కొట్టకు. పోయే దారి లేక ఆ వోల్టేజీ కాయిల్నీ, ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే సీడీఐ డబ్బానీ కాల్చేస్తుంది.)

ఇంటికొచ్చి నువ్వు వదిలివెళ్లిన మల్టీమీటర్ తీశాను. ముందు కనెక్టర్లు చూశాను. మన ఉప్పుగాలికి ఒక్కో పిన్నూ పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి శుభ్రం చేసినా అదే వరస. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిళ్లు చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కాకా కొలిచాను. ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది ఆ నల్ల డబ్బా, సీడీఐ.

అది ఎలా పనిచేస్తుందో నీకు తెలిసిందే. నేను మాత్రం మన కాలవ లాకులతో పోల్చుకుని అర్థం చేసుకున్నాను. మాగ్నెట్ నుంచి వచ్చే కరెంటు కెపాసిటర్లో నీళ్లలా నిండి నిలవుంటుంది. నిప్పురవ్వ పడాల్సిన క్షణాన పల్సర్ అనే చిన్న కాయిల్ సైగ చేయగానే, ఎస్సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు తలుపెత్తుతుంది. నిలవున్నదంతా ఒక్కసారిగా ప్లగ్గుకి వోల్టేజీ పెంచి పంపే హెచ్‌టీ కాయిల్ మీద పడుతుంది.

మరి తప్పు డబ్బాదేనని తేల్చుకోవాలిగా. బండి చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, నీ హెయిర్ డ్రయ్యర్‌తో డబ్బాకి ఒక్కదానికే వేడి గాలి పట్టించాను. నాలుగు నిమిషాలకి ఆగిపోయింది. చల్లారనిస్తే లేచింది. మూడుసార్లూ అంతే. నా కేకకి మీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కొత్త డబ్బా వేసేద్దామన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. అది మొదటి కొబ్బరి దింపు డబ్బుతో కొన్న బండి. 1996 తర్వాత ఈ బళ్లు తయారే కాలేదు. ఒరిజినల్ డబ్బా ఉండగా నకలు ఎందుకు వేయాలి?

అందుకే పాత డబ్బానే విప్పాను. లోపల అంతా గట్టి రెసిన్ పోసి మూసేశారు. కెపాసిటర్లో రెండు మూడొందల వోల్టులు నిలవుంటాయని ముందే రెసిస్టర్ ఆనించి ఖాళీ చేశాను. రెసిన్‌ని డ్రయ్యర్‌తో మెత్తబరుస్తూ వెదురుపుల్లతో గీకితే మూడు మధ్యాహ్నాలు పట్టింది. కెపాసిటర్ కాలు బయటపడ్డాక తాతయ్య భూతద్దం పెట్టి చూశాను. కాలు చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని పగులు, ఉంగరంలా గుండ్రంగా ఉంది. వేడికి విడిపోతోంది, చల్లారితే తగులుకుంటోంది. ఇన్నేళ్ల అదురుకి అలా అయింది.

పాత టంకం తీసేసి కొత్తది పెట్టాను. పైన రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి పోసి, ఒక రోజంతా ఆరనిచ్చాను. పులుపు వాసన వచ్చే సిలికాన్ అస్సలు వాడకూడదు. అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది.

నిన్న పాలకొల్లు వెళ్లి వచ్చాను. పోతూ, వస్తూ వంతెన మీద ఎక్కడా ఆగలేదు.

డబ్బాలో కనిపించినంత వరకు బొమ్మ గీసి దీంతో పంపుతున్నాను. ఎస్సీఆర్ వైపు రెసిన్ కదపడానికి ధైర్యం చాలక అక్కడ ఖాళీ వదిలాను. ఆ భాగం ఎలా ఉంటుందో నువ్వు గీసి పంపమ్మా.

మీ నాన్న