మంత్రి గారూ, ఆ ఆఖరి 18 కిలోమీటర్ల సంగతి చూడండి

స్కాట్లాండ్ రవాణా మంత్రి గారికి,

నమస్కారం. మేం గ్లాస్గోలో ఫ్లాట్‌లో ఉంటాం. కారు లేదు, మూడు సైకిళ్ళున్నాయి. ఇదే ఉత్తరం ఇంగ్లిష్‌లో మీ ఆఫీసుకి పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, చదువులకీ ఉద్యోగాలకీ ఇక్కడికొచ్చిన మనవాళ్ళు "అన్నా, సైకిల్ మీద ఒక్క రోజులో తిరిగి రాగలిగే మంచి చోటేదైనా చెప్పు" అని నన్ను అడుగుతూనే ఉంటారు, నేను చెప్పే జవాబులో సగం మీ చేతుల్లో ఉంది.

నేను చెప్పేది ట్రాసాక్స్, గ్లాస్గోకి ఉత్తరాన కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతం. అబర్‌ఫోయిల్ ఊళ్ళో మొదలుపెట్టి, డ్యూక్స్ పాస్ అనే కొండ కనుమ ఎక్కి దిగి, లాక్ కాట్రిన్ సరస్సు ఉత్తరపు ఒడ్డు వెంబడి స్ట్రోనాక్లాకర్ దాకా వెళ్ళి, బి829 రోడ్డు మీద మళ్ళీ అబర్‌ఫోయిల్‌కే వస్తాం. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. మొదట్లోనే ఆ కనుమ ఎక్కేటప్పుడు తొడలు మండుతాయి, అది తప్పదు.

సరస్సు ఒడ్డున ఉన్న 20 కిలోమీటర్ల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. 1859లో విక్టోరియా రాణి ఇక్కడి నీటి పథకాన్ని ప్రారంభించినప్పటి నుంచి గ్లాస్గో తాగేది ఈ నీళ్ళే, పంపులు అక్కర్లేకుండా పల్లానికి వాటంతటవే పారి వస్తాయి. మంచినీళ్ళ చెరువు కాబట్టే ఒడ్డున రోడ్డు నీళ్ళు సరఫరా చేసే స్కాటిష్ వాటర్ సంస్థ చేతిలో ఉంది, అక్కడ ఉండేవాళ్ళ బళ్ళూ ఆ సంస్థ బళ్ళూ తప్ప కార్లు రావు. రోడ్డు మధ్యలో గొర్రెలు పడుకుని ఉంటాయి, బెల్లు కొట్టినా లేవవు, మనమే పక్కనుంచి పోవాలి. సరస్సు కొసన గ్లెన్‌గైల్, 1671లో స్కాట్లాండ్ జానపద వీరుడు రాబ్ రాయ్ మాక్‌గ్రెగర్ పుట్టిన చోటు. కిందటి జూన్‌లో మా అమ్మాయి, పదకొండేళ్ళది, అక్కడ సైకిల్ ఆపి సీసాలో నీళ్ళు తాగుతూ "నాన్నా, ఇవి ఇక్కడి నీళ్ళేగా, మళ్ళీ ఇక్కడికే తెచ్చాం" అంది. పొద్దున మా వంటింటి కుళాయి కింద పట్టిన సీసా అది.

ఆ తర్వాత గంటకి ఏం జరిగిందో చెప్పాలనే ఈ ఉత్తరం.

స్ట్రోనాక్లాకర్ నుంచి వెనక్కి వచ్చే 18 కిలోమీటర్లలో చాలా భాగం ఒక్క కారు పట్టేంత రోడ్డు. ఎదురుబదురు వస్తే ఆగడానికి అక్కడక్కడా పక్కన కాస్త వెడల్పు జాగా, దానికో బోర్డు, అంతే. లాక్ చాన్ అనే సరస్సు పక్కన ఒక మలుపు దగ్గర మా వెనకాలే వచ్చిన కారు ఆ జాగా దాకా ఆగకుండా మమ్మల్ని దాటేసింది. అమ్మాయి సైకిల్ ముందు చక్రం తారు దిగి కంకరలోకి జారింది, కారు అద్దం దాని మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది. అది పడలేదు. అరవలేదు కూడా, కాళ్ళు రెండూ కింద పెట్టి హ్యాండిల్ గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా టెన్షన్ ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు.

2022లో మారిన హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలి. అంత ఎడం ఆ రోడ్డు మీద ఉండదు, కాబట్టి ఆగడమొక్కటే దారి. కానీ ఊరు దాటాక ఇలాంటి రోడ్లకి మామూలుగా వర్తించే పరిమితి గంటకి 60 మైళ్ళు. ఆ అంకె చూసినవాడికి ఆగాలని ఎలా తోస్తుంది? ఇలాంటి సింగిల్ క్యారేజ్‌వే రోడ్ల (మధ్యలో డివైడర్ లేనివి) మీద 60ని 50కి తగ్గించే విషయంలో 2024 చివర్లో మీ ప్రభుత్వమే జనాన్ని అభిప్రాయం అడిగింది. సంతోషం. కానీ ఒక్క బండి పట్టే రోడ్డుకి 50 కూడా ఎక్కువే, అలాంటి వాటికి విడిగా 40 పెట్టండి. బి829 చూసుకునేది స్టిర్లింగ్ కౌన్సిల్ అని నాకు తెలుసు, అయినా దేశమంతటికీ వర్తించే పరిమితి స్కాట్లాండ్‌కి మరిన్ని అధికారాలిచ్చిన 2016 చట్టం తర్వాత మీ దగ్గరే ఉంది.

ఇంకో సంగతి, అసలు అక్కడికి చేరడం. అబర్‌ఫోయిల్‌కి ప్యాసింజర్ రైలు 1951లోనే ఆగిపోయింది. బస్సులో వెళ్దామంటే డ్రైవరు సైకిళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు, ఆయన్ని అనేదేం లేదు, లోపల చోటు లేదు. బాలాక్ అనే ఊరి దాకా రైలెక్కి ఏడో నంబరు సైకిల్ రూటులో పోవచ్చు, కానీ చుట్టు మొదలవకముందే చిన్నపిల్ల అలిసిపోతుంది. చివరికి ఫ్రెండ్ కారు అడిగి, వెనకాల సైకిళ్ళు కట్టుకుని వెళ్ళాం. కార్లు లేని రోడ్డు మీద తొక్కడానికి కారు కావాల్సొచ్చింది!

చేయలేని పనేం కాదిది. గ్లాస్గో నుంచి ఓబన్ వెళ్ళే రైళ్ళలో 20 సైకిళ్ళు పట్టే ప్రత్యేక పెట్టె 2021లోనే పెట్టారు, దక్షిణాన బోర్డర్స్ ప్రాంతం వైపు సైకిళ్ళు ఎక్కించుకునే బస్సులు తిరిగాయి. 22 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ మీరే బస్సు ఉచితం చేశారు, ఆ పిల్లల సైకిల్‌కి కూడా కాస్త చోటివ్వండి. మే నుంచి సెప్టెంబర్ దాకా శని ఆదివారాలు గ్లాస్గో నుంచి అబర్‌ఫోయిల్‌కి అలాంటి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చాలు.

ఆ రోజు తర్వాత మేం మళ్ళీ రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ స్ట్రోనాక్లాకర్‌లో టీ తాగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. చుట్టు ఎప్పుడు పూర్తి చేద్దామని అమ్మాయి అడుగుతోంది. వచ్చే వేసవి అని చెప్పాను.

ఇట్లు,
గ్లాస్గో నుంచి ఒక తెలుగు తండ్రి