జీడీపీ ర్యాంకు పక్కన ఆయుర్దాయం కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌ను దాటి మనం నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అవుతున్నామని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. సంతోషమే, కాదనను. కానీ జపాన్ జనాభా 12 కోట్ల చిల్లర, మనం 140 కోట్ల పైమాటే, తలసరి చూస్తే డాలర్లలో వాళ్ల ఆదాయం మనకు 10 రెట్లకు పైనే ఉంది. ఈ ఒక్క వాక్యం ఆ వార్త కింద ఎందుకు వేయరు? ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, భాగహారం చేయకుండా మధ్యలో వదిలేసిన లెక్క కనిపిస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

పోనీ తలసరి వేస్తే సరిపోతుందా అంటే అదీ చాలదు. పోయినేడు డబ్లిన్‌లో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాను. తలసరి జీడీపీలో ఐర్లాండ్ ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంటుంది కదా, అక్కడ మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ కూడా అద్దె కట్టలేక ఇంకో జంటతో కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నారు. వంటగది ఒక్కటే, ఫ్రిజ్‌లో ఎవరి అర వాళ్లది, పాల డబ్బాల మీద పేర్లు రాసుకుంటారు. ఇదేంటని అడిగితే అల్లుడు కూర్చోబెట్టి చెప్పాడు. పెద్ద పెద్ద మల్టీనేషనల్ కంపెనీలు పన్ను తక్కువని తమ పేటెంట్లు, లాభాలు కాగితాల మీద అక్కడికి మార్చుకుంటాయి, ఆ సొమ్మంతా ఐర్లాండ్ జీడీపీలో పడుతుంది. 2015లో ఆ దేశం ఏకంగా 26 శాతం పెరిగిందని లెక్క తేలింది! చివరికి వాళ్ల గణాంక శాఖే ఆ పైసొమ్ము తీసేసి సవరించిన జాతీయాదాయం అని వేరే లెక్క వేయాల్సి వచ్చింది. కొన్నేళ్లుగా అది జీడీపీలో మూడింట రెండు వంతులు కూడా ఉండటం లేదు.

1990 నుంచీ ఐక్యరాజ్యసమితి వాళ్లు ఇస్తున్న మానవాభివృద్ధి సూచీ ఇందుకే నాకు నచ్చుతుంది. పాకిస్తాన్‌కు చెందిన ఆర్థికవేత్త మహబూబుల్ హక్ మొదలుపెట్టారు, మన అమర్త్యసేన్ తోడు నిలిచారు. ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా చూస్తుంది. 2010 నుంచి మామూలు సగటు తీసేసి గుణ మధ్యమం (అంకెలను కూడకుండా గుణించి, మూలం తీసే సగటు) పెట్టారు, ఇది మంచి పని. ఒక సబ్జెక్టులో 90, ఇంకోదాంట్లో 10 వచ్చిన పిల్లాడికి మామూలు సగటు 50 ఇస్తుంది, గుణ మధ్యమం 30 ఇస్తుంది. అంటే డబ్బు చూపించి చదువులో వెనకబాటును దాచేయడం అంత తేలిక కాదు.

2025లో వచ్చిన నివేదికలో 193 దేశాల్లో మనది 130వ స్థానం, బంగ్లాదేశ్‌దీ అదే 130. శ్రీలంక 89. మన తలసరి ఆదాయం బంగ్లాదేశ్ కన్నా కాస్త ఎక్కువే, కానీ వాళ్ల సగటు ఆయుర్దాయం 74 దాటింది, మనది 72 దగ్గర ఉంది. 1971లో ఆ దేశం పుట్టినప్పుడు వాళ్లే మనకన్నా వెనక ఉన్నారు. మరి ఎలా దాటారు? దీనిమీద మీ పేపర్లో ఒక్క కథనమైనా వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

నాకు తెలిసినంతవరకు చెప్తాను. 1980లో బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్లను ఊరూరా పంపింది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలిపి తాగించమని ఇంటింటికీ తిరిగి, తల్లి చేతే కలిపించి నేర్పారు. పదేళ్లలో కోటికి పైగా ఇళ్లు తిరిగారు. తర్వాత ఇంకొకరు వెళ్లి ఆ తల్లికి ఎంత గుర్తుందో అడిగేవారు, దాన్నిబట్టే నేర్పినవాళ్లకు జీతం! ఎన్ని ఇళ్లు తిరిగావని కాకుండా ఎంతమందికి వచ్చిందని అడిగారు చూడండి, కొలవడమంటే నా దృష్టిలో అదీ. ఇదొక్కటే కారణమని నేననను, కుటుంబ నియంత్రణ ఉంది, ఆడపిల్లల చదువు ఉంది, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల సంపాదన ఉంది. శ్రీలంకలో అయితే 1940ల నుంచే చదువు ఫ్రీ.

మన సంగతీ చెప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, దేశ సగటు 73, కేరళ 94. అప్పటికే హైటెక్ సిటీ వచ్చి పుష్కరం దాటింది.

అందుకే అడుగుతున్నాను. ర్యాంకు వార్త వేసినప్పుడల్లా అదే బాక్సులో తలసరి ఆదాయం, ఆయుర్దాయం, పెద్దవాళ్లు సగటున ఎన్నేళ్లు బడికెళ్లారన్నదీ వేయండి, పక్కనే బంగ్లాదేశ్, శ్రీలంక, వియత్నాం అంకెలు పెట్టండి. కుదిరితే మీ రిపోర్టర్ ఒకరిని ఢాకా పంపండి, ఆ రోజుల్లో ఉప్పు బెల్లం నీళ్లు కలపడం నేర్చుకున్న తల్లులు ఇంకా ఉంటారు, వాళ్లతో మాట్లాడించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్, తెనాలి